ఘాటీ దిగని అంబాసిడర్

కారు కొంటున్నానని క్షీరోద్ బెహెరా భార్యతో ముందుగా చెప్పలేదు. నలుగురు మనుషులు దాన్ని తోసుకుంటూ తెచ్చి ఇంటి ముందు ఆపాక ఇక చెప్పాల్సిన పనే లేకపోయింది. శైలబాల బస్టాండులో బరా అనే గారెలు, ఘుగుని అనే బఠాణీ కూర అమ్ముకుని, ఖాళీ గిన్నెలు నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా ఒక పాత అంబాసిడర్ నిలబడి ఉంది. ఒకప్పుడు తెల్ల కారట. ఇప్పుడు పైకప్పంతా నాచు పట్టి పచ్చగా ఉంది. తోయడానికని గాలి కొట్టించిన నాలుగు చక్రాల్లో రెండు అప్పుడే మళ్లీ కూలబడ్డాయి. వెనక సీట్లో గడ్డి, ఈకలు, రెండు కోడిగుడ్లు.

శైలబాల గిన్నెలు దించింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"గుడ్లు కూడా బేరంలోనివేనా?" అని మాత్రం అడిగింది.

ఆ కారు మా టికాబలిలో విస్తరాకుల వ్యాపారి గోడౌను వెనక ఏళ్ల తరబడి పడి ఉండేది. వాళ్ల నాన్న మోజుపడి కొన్నది. ఆయన పోయాక దాన్ని ఎవరూ కదిలించలేదు. కోళ్లు పొదగడానికి బాగుందని ఇంటి ఆడవాళ్లు ఒక తలుపు తెరిచే ఉంచేవారు. తుక్కువాడికి వేసేద్దామని అనుకుంటుండగా క్షీరోద్ వెళ్లి అడిగాడు. వ్యాపారి రెండోసారి ఆలోచించలేదు.

క్షీరోద్ ఎందుకు కొన్నాడో ఊళ్లో అందరూ తమకు తెలుసనుకున్నారు. పాతికేళ్లు స్టీరింగు పట్టిన మనిషి ఖాళీగా ఎలా కూర్చుంటాడు అనుకున్నారు. అందులో కొంత నిజం ఉంది.

అతను ఫుల్బాణీ నుంచి బరంపురం వెళ్లే ప్రైవేటు బస్సు నడిపేవాడు. పొద్దున్నే టికాబలి మీదుగా కళింగ ఘాటీ అనే మలుపుల కొండదారి దిగి, సాయంత్రానికి మళ్లీ ఎక్కి వచ్చేవాడు. కారు కొనడానికి ముందటి వానాకాలంలో ఒకనాడు ఘాటీ మధ్యలో బస్సు బ్రేకులు పోయాయి. క్షీరోద్ గేరు తగ్గిస్తూ, హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా, బస్సును కొండ వైపుకి ఒరిపించి రాళ్లకు రాసుకుంటూ పోనిచ్చి ఒక మలుపు దగ్గర నిలబెట్టాడు. లోపల మనుషులు, మూటలు, కోళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకామె మణికట్టు విరిగింది. ఒకతనికి ముందు పళ్లు ఊడాయి. ప్రాణం ఎవరిదీ పోలేదు. ఆ వారమే బస్టాండు కమిటీవాళ్లు బెంచీ మీద నిలబెట్టి క్షీరోద్‌కి దండ వేశారు, శాలువా కప్పారు. తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి కాళ్లకు దణ్ణం పెట్టించారు.

ఆ తర్వాత బస్సు బాగుపడి వచ్చింది. మొదటి రోజు పొద్దున క్షీరోద్ ఎప్పట్లాగే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఘాటీ మొదలయ్యేచోట బోర్డు కనిపించగానే చేతులు వణకడం మొదలుపెట్టాయి. రెండు చేతులతో చక్రాన్ని అదిమి పట్టుకుని ఎలాగో దిగాడు, ఎలాగో ఎక్కాడు. మర్నాడు మరీ ఎక్కువైంది. మూడో రోజు యజమానికి కబురు పంపాడు, నడుము నొప్పి, డాక్టరు వద్దన్నాడని. యజమాని కొత్త డ్రైవరును పెట్టుకున్నాడు. అంత పెద్ద గండం గట్టెక్కించినవాడికి నడుము పట్టెయ్యడంలో వింతేముందని ఊరు అనుకుంది. చేతుల సంగతి క్షీరోద్ ఎవరికీ చెప్పలేదు. శైలబాలకు కూడా చెప్పలేదు.

ఇక ఇంట్లో కాలు నిలిచేది కాదు. బస్సు వేళకు మెలకువ వచ్చేసేది. లేచి బస్టాండుకు వెళ్లేవాడు. బస్సు టైర్లను కాలితో తన్ని చూసేవాడు, కొత్త డ్రైవరుకి ఏదో ఒకటి చెప్పబోయేవాడు. కొన్నాళ్లకు యజమాని మనిషి వచ్చి, మర్యాదగానే, ఇక రావద్దన్నాడు. అప్పుడు ఇంటి మీద పడ్డాడు. తలుపుల కీళ్లు మార్చాడు, బావి గిలక విప్పి నూనె పెట్టాడు, శైలబాల పొయ్యిని కూలగొట్టి మళ్లీ కట్టాడు. బాగానే నడుస్తున్న గోడ గడియారాన్ని విప్పి, మళ్లీ బిగించలేక, పళ్లెంలో పోసి అటక మీద పెట్టాడు. రూర్కెలాలో ఉన్న కూతురు మినీ ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి, ఫోను భార్య చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. అటువంటి రోజుల్లోనే కోళ్ల కారు అతని కంటపడింది.

కారు వచ్చిన మర్నాడు బనమాలి వచ్చాడు. అతను క్షీరోద్ బస్సులోనే కండక్టరుగా పనిచేసినవాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఘాటీ గొడవ తర్వాత యజమాని తన మేనల్లుణ్ణి కండక్టరుగా పెట్టుకోవడంతో, బనమాలి ఇప్పుడు బస్టాండులో ట్రెక్కర్ జీపులకు జనాన్ని పిలిచే పనిలో ఉన్నాడు. బానెట్ ఎత్తి చూసి చాలాసేపు తల ఊపాడు.

"ఉస్తాద్, ఇందులో పనికొచ్చేది ఏదైనా ఉందా?"

"హారన్ ఉంది."

"అయితే ముందు అదే బిగించు. మేం తోస్తూ ఉంటాం, నువ్వు కొడుతూ కూర్చో."

క్షీరోద్ నవ్వలేదు గాని ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి నానబెట్టాడు. రోజూ పొద్దున లేవగానే ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పి చూసేవాడు. కదిలేది కాదు. మళ్లీ పోసేవాడు. ఒకరోజు శైలబాల పప్పు రుబ్బుతుండగా బయటనుంచి బొంగురుగా ఒక శబ్దం వచ్చింది. వెళ్లి చూస్తే భర్త హ్యాండిల్ పట్టుకుని నేల మీద కూలబడి ఉన్నాడు. ఇంజను తిరిగిందట. ఆ ఊపుకి అతను పడ్డాడు.

అక్కడినుంచి ఇక ఆగలేదు. ఎలుకలు కొరికేసిన వైర్లన్నీ లాగి పారేసి కొత్తవి వేశాడు. పెట్రోలు ట్యాంకు విప్పి, లోపల గులకరాళ్లు, కిరసనాయిలు పోసి మూత బిగించాడు. దాన్ని బనమాలీ అతనూ చెరో పక్క పట్టుకుని ఊపుతుంటే తుప్పు ఎర్రటి బురదలా కారింది. డ్రైవరు కాళ్ల దగ్గర అడుగు రేకు పూర్తిగా తినేసి నేల కనిపించేది. నూనె డబ్బా రేకు కత్తిరించి అక్కడ అతికించాడు. బ్రేకుల పని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. నాలుగు చక్రాల డ్రమ్ములు విప్పి, లోపలి రబ్బర్లన్నీ కొత్తవి వేసి, గొట్టాలు మార్చి, నచ్చక మళ్లీ విప్పి మళ్లీ వేశాడు.

సామాన్లు బరంపురం నుంచి రావాలి. స్వయంగా వెళ్లి చూసి తెచ్చుకుంటే మంచిది కదా అని బనమాలి ఒకటి రెండుసార్లు అన్నాడు. క్షీరోద్ వినిపించుకోలేదు. కావలసినవి కాగితం మీద రాసి బస్సులో పంపించేవాడు, లేదా బనమాలినే పంపేవాడు.

చలికాలం చివర్లో కారు నడిచింది. ముందు వీధి చివరి దాకా, తర్వాత సంత మైదానం చుట్టూ. తర్వాత ఒకరోజు శైలబాలను ముందు సీట్లో, బనమాలిని వెనక కూర్చోబెట్టుకుని ఉదయగిరి దాకా వెళ్లి వచ్చాడు. ఆ దారి కొండ మీదే, పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా పోతుంది. చేతులు మాట విన్నాయి. తిరిగొచ్చాక అతను ఎంత సంతోషంగా ఉన్నాడంటే, ఆస్కాలో ఉన్న మీ అక్క కుముదిని దగ్గరికి నిన్ను కారులోనే తీసుకెళ్తాను అని భార్యకు తనంతట తనే మాటిచ్చాడు. ఆ మాట అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే శైలబాల మొహం వెలిగిపోయింది. ఆమె అక్కను చూసి మూడేళ్లు దాటింది. మర్నాడు బస్టాండులో బరా తినడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పింది. ఆస్కా ఘాటీ కింద ఉంది.

ఆ తర్వాత కారుకు రోగాలు మొదలయ్యాయి. రేడియేటరు కారుతోందన్నాడు, విప్పాడు. అది అయ్యాక గేరు మార్చేటప్పుడు ఏదో గొణుగుతోందన్నాడు. బనమాలి చెవి పెట్టి విన్నాడు, అతనికేం వినిపించలేదు. అయినా గేరు పెట్టె దించారు. ఎక్కించారు. తర్వాత క్లచ్చు. ఊళ్లోవాళ్లు దారినపోతూ, ఎప్పుడు బయల్దేరతావు క్షీరోద్ భాయి అని అడిగేవారు. అయిపోతోంది, ఒక్క చిన్న పని మిగిలింది అనేవాడు. పనిలో ఉన్నంతసేపు బాగానే ఉండేవాడు. పని అయిపోవస్తే మొహం మాడేది. చేతిలో రెంచి పట్టుకుని కారు చుట్టూ తిరిగేవాడు, ఒక నట్టు వదులు చేసి మళ్లీ బిగించేవాడు, అన్నం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిస్తే గాని వచ్చేవాడు కాదు.

ఎండాకాలంలో కుముదినికి మనవడు పుట్టాడు. ఇరవయ్యొకటో రోజు పేరు పెట్టే వేడుకకు రమ్మని కబురొచ్చింది, బనమాలిని కూడా పిలిచారు. ఈసారి వాయిదా వెయ్యడానికి లేదు. ఆ రోజు పొద్దున శైలబాల సంబల్‌పురి చీర కట్టుకుంది. పిల్లాడికి వెండి మొలతాడు, అక్కకు ఒక చీర, బుట్టెడు పసుపు సర్దుకుంది. క్షీరోద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు. కారు స్టార్టు కాలేదు. మళ్లీ తిప్పాడు. కాలేదు. బనమాలి ఇద్దర్ని పిలిచి తోయించాడు. ఇంజను తిరిగింది గాని అందుకోలేదు. క్షీరోద్ లోపలికొచ్చి ఇస్త్రీ చొక్కా విప్పేసి, పాత బనీనుతో కారు కిందికి దూరాడు.

"మీరు బస్సులో వెళ్లండి," అన్నాడు కింద నుంచే. "వైరింగులో ఏదో తేడా వచ్చింది. అయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది."

 శైలబాల లోపలికెళ్లి, మంచం మీద పడేసిన చొక్కా మడత పెట్టబోయింది. జేబులో ఏదో గట్టిగా తగిలింది. బొటనవేలంత నల్లటి ముక్క, పైన ఇత్తడి రేకు. ఏమిటో ఆమెకు తెలియలేదు. బస్సు హారన్ వినిపించింది. ఆ ముక్కను కొంగున ముడేసుకుని బనమాలితో పాటు పరుగున వెళ్లి బస్సెక్కింది.

బస్సులో బనమాలికి సీటు దొరికినా అలవాటు కొద్దీ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఉదయగిరి దాటాక జనం దిగి కాస్త ఖాళీ అయితే వచ్చి ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. అప్పుడు శైలబాల కొంగు ముడి విప్పి ఆ ముక్క చూపించింది.

"ఇదేమిటి బనమాలీ? ఆయన చొక్కా జేబులో ఉంది. కారుదేనా?"

బనమాలి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

"కారుదే వదినా. ప్లగ్గులకు కరెంటు పంచేది ఇదే. రోటర్ అంటారు. ఇది లేకపోతే ఎంత మంచి బండైనా కదలదు."

"పాడైపోయిందా?"

"లేదు. కొత్తది. పోయిన నెల నేనే తెచ్చాను."

"మరి జేబులో ఎందుకుంది?"

బనమాలి కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సు ఘాటీ దిగడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు బస్సు ఆపాక, ఎవరూ ఎత్తుకుపోకుండా ఉస్తాద్ ఏదో ఒక ముక్క విప్పి జేబులో వేసుకునేవాడని చెప్పి, అక్కడితో ఆపేద్దామనుకున్నాడు. శైలబాల అతని మొహం మీంచి చూపు తిప్పలేదు. అతనికి తప్పించుకునే దారి కనిపించలేదు.

బ్రేకులు పోయిన రోజు సంగతి చెప్పాడు. బస్సు ఆగాక జనమంతా ఏడుస్తూ, అరుస్తూ కిందికి దూకారు. ఉస్తాద్ మాత్రం దిగలేదు. ముందుకెళ్లి చూస్తే చక్రాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. చేతులు తియ్యబోతే రాలేదు. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్క వేలే విడదీశానన్నాడు బనమాలి. ఆ తర్వాత మళ్లీ బస్సెక్కిన రెండు రోజులూ ఘాటీలో ఆయన చేతులు వణకడం తను పక్కనే నిలబడి చూశాడు. నడుము నొప్పి లేదు, ఏమీ లేదు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"ఆయన నాకే చెప్పలేదు వదినా. నేను చూశాను, అంతే. చూసినట్టు ఆయనకు తెలియకూడదనుకున్నాను."

శైలబాల రోటర్ తీసుకుని మళ్లీ ముడేసుకుంది.

ఇంటి దగ్గర క్షీరోద్ వాళ్లు వెళ్లిన కాసేపటికే కారు కింద నుంచి లేచాడు. చేతులు కడుక్కుని చొక్కా కోసం చూశాడు. మడత పెట్టి ఉంది. జేబు ఖాళీగా ఉంది. మంచం కింద, గుమ్మం దగ్గర, కారులో వెతికాడు. దొరకదని అతనికి వెతుకుతున్నప్పుడే తెలుసు. శైలబాల పెట్టివెళ్లిన చద్దన్నం ముట్టలేదు. బస్టాండు దాకా వెళ్లాడు, తిరిగి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. సాయంత్రం కారులోకెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. దారిన పోయేవాడొకడు, ఏమైంది భాయి, బాగుపడలేదా అని అడిగితే, లేదు అన్నాడు.

మర్నాడు ఆమె వచ్చింది. చీర మార్చుకుని, పొయ్యి వెలిగించి, పప్పు నానబోసింది. తర్వాత పెరట్లో కూర్చున్న భర్త ముందు రోటర్ పెట్టింది.

"మా వాళ్లందరూ అడిగారు, కారు ఏదని. చెడిపోయిందని చెప్పాను. చెడింది కారు కాదని తెలిసే చెప్పాను. నాకు అబద్ధం ఎందుకు అంటగట్టావు మినీ నాన్నా?"

క్షీరోద్ వైరింగు గురించి ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. రోటర్ తీసి అటూ ఇటూ తిప్పాడు.

"బనమాలి చెప్పాడా?"

"వాడు చూసింది చెప్పాడు. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు."

అతను చెప్పాడు. ఘాటీ బోర్డు చూడగానే చేతులు ఎలా వణుకుతాయో చెప్పాడు. కొన్ని రాత్రులు మంచం మీద పడుకునే కాలితో బ్రేకు తొక్కుతుంటానన్నాడు. నేను కలలో తన్నుతున్నావనుకున్నాను అంది శైలబాల.

"దండ వెయ్యకముందే చెప్పాల్సింది," అన్నాడు క్షీరోద్. "దండ వేశాక ఎట్లా చెప్తాను? పిల్లల్ని తెచ్చి కాళ్లకు మొక్కించారు. వాళ్లకేం చెప్పను, నాకు బండంటే భయమనా?"

"వాళ్లకు చెప్పకపోతే పోయె. నేను నీకు దండ వేశానా?"

ఆ వారమంతా ఇంట్లో మాటలు తక్కువగానే నడిచాయి. అతను రోటర్ బిగించాడు. కారు స్టార్టయింది. దాన్ని ఇంటి ముందే ఉంచాడు. పొద్దున్నే కడిగేవాడు, తుడిచేవాడు, మళ్లీ కడిగేవాడు.

శైలబాల మాత్రం ఊరుకోలేదు. బస్టాండులో పూర్ణ అనే ట్రెక్కర్ డ్రైవరు రోజూ ఆమె దగ్గరే బరా తినేవాడు. వారంలో చాలా రోజులు జీపుతో ఘాటీ ఎక్కి దిగేవాడు. పాన్ నములుతూ ఉంటాడు కాబట్టి మాట్లాడే అవసరం రాదు. అతన్ని జీపు పని లేని ఒక రోజు రమ్మంది. పొద్దున్నే పూర్ణ గుమ్మంలో నిలబడి ఉంటే, క్షీరోద్‌కి విషయం అర్థమై మొహం ఎర్రబడింది.

"నా కారులో నేను పక్కన కూర్చుంటే వేరేవాడు నడుపుతాడా? ఊరంతా చూస్తుంది."

"చూడనీ. నీకు ఇష్టం లేకపోతే ఇంట్లో ఉండు. నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. కారు బాగుందిగా, నువ్వే చేశావు."

అంటూనే ఆమె వెనక సీట్లో ఎక్కి తలుపు వేసుకుంది. బనమాలి అప్పటికే ఎక్కి కూర్చుని ఉన్నాడు. క్షీరోద్ వీధిలో నిలబడి కారు వైపు, ఇంటి వైపు చూశాడు. పూర్ణ ఇంజను స్టార్టు చేశాడు. మొదటి గేరు వేసేటప్పుడు కొంచెం బలంగా తోశాడు. అది క్షీరోద్ భరించలేకపోయాడు. గబగబా వచ్చి ముందు సీట్లో కూర్చుని, "మెల్లిగా వెయ్యి, లారీ కాదు," అన్నాడు.

ఉదయగిరి దాకా గేర్ల గురించి, గుంటల గురించి చెబుతూనే ఉన్నాడు. ఘాటీ బోర్డు కనిపించాక మాట ఆగిపోయింది. పూర్ణ రెండో గేరులో దించుతున్నాడు. క్షీరోద్ కుడికాలు తన ముందున్న ఉత్త రేకును తొక్కుతోంది. చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. అయినా భుజాలు కదులుతుండడం వెనక నుంచి శైలబాలకు కనిపించింది. నాలుగైదు మలుపులు తిరిగాక ఆపమన్నాడు. దిగి, పిట్టగోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. శైలబాల నీళ్ల సీసా తీసుకుని వెళ్లింది. ఆమె వీపు మీద చెయ్యి వేస్తే వద్దనలేదు.

పూర్ణ ఈలోగా కారు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం దగ్గర వంగి చేత్తో తాకి చూశాడు. పాన్ ఉమ్మేసి మాట్లాడాడు.

"పెద్దగా వేడెక్కలేదు ఉస్తాద్. నా జీపైతే ఈపాటికి పొగ వచ్చేది. గట్టి బ్రేకులు కట్టావు."

క్షీరోద్ మూతి తుడుచుకుని, నమ్మనట్టుగా వచ్చి తనే తాకి చూశాడు. కుడివైపు రెండూ చూశాడు, ఎడమవైపు ముందుది చూశాడు. వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి కాసేపు ఉంచాడు.

"ఇది మిగతావాటికంటే వేడిగా ఉంది."

"ఉండొచ్చు. మలుపు తిరిగేటప్పుడు కీచుమంటోంది."

"నాకు వినిపించలేదే."

"నువ్వు వినే స్థితిలో లేవు," అన్నాడు బనమాలి లోపల నుంచి.

కారు మళ్లీ బయల్దేరింది. క్షీరోద్ ఈసారి శైలబాలను ముందుకు పంపి తను వెనక ఎడమ వైపు కూర్చున్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, కింద చక్రం వైపే చూస్తూ చెవి ఒగ్గాడు. ఇప్పుడు తొక్కు అనేవాడు. పూర్ణ తొక్కేవాడు. వదులు అనేవాడు. ఎదురుగా లారీ వచ్చి కారు రోడ్డు అంచుకు జరిగితే బనమాలి అతని చొక్కా పట్టి లోపలికి లాగేవాడు. అలా ఘాటీలో మిగిలిన మలుపులన్నీ అయిపోయాయి. వణుకు పోలేదు. కిటికీ అంచు పట్టుకున్న వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఆ సంగతి అతనికి గుర్తు లేదు, అంతే. స్ప్రింగు ఒకటి వదులైంది, ఇంటికెళ్లాక ఆ చక్రం విప్పాలి అన్నప్పుడు చూస్తే కారు ముజాగడ దగ్గర చదును మీద పోతోంది. రెండు పక్కలా చింతచెట్లు, వరిమళ్లు.

అక్కడ పూర్ణ కారు పక్కకు తీసి, ఏమీ అనకుండా దిగి వెనక సీటు దగ్గరికి వచ్చాడు. క్షీరోద్ వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. భంజనగర్ మీదుగా ఆస్కా దాకా అతనే నడిపాడు, ఎద్దుబండ్లను, సైకిళ్లను, పరీక్ష రాసి వస్తున్న కాలేజీ పిల్లల్ని తప్పించుకుంటూ. బనమాలితో వాదిస్తూ నడిపాడు.

కుముదిని ఇంటి ముందు కారు ఆగగానే పిల్లలు చుట్టూ మూగారు. కుముదిని భర్త బయటికొచ్చి, ఘాటీ వీరుడు సొంత కారులో వచ్చాడని పక్కింటివాళ్లకు వినిపించేలా అన్నాడు.

క్షీరోద్ తలుపు వేశాడు. శైలబాల వైపు చూడలేదు.

"ఘాటీ పూర్ణ దించాడు," అన్నాడు. "నాకు ఘాటీలో చేతులు వణుకుతాయి. ఆ ప్రమాదం అయినప్పటి నుంచీ."

తోడల్లుడు ఒక క్షణం అతని మొహంలోకి చూశాడు.

"అట్లాగా," అన్నాడు. "ముందు లోపలికి రండి, ఎండన పడి వచ్చారు. మజ్జిగ తీసుకురమ్మంటాను."

అంతే. ఆ మాట చెప్పలేక అన్ని నెలలు నట్లు విప్పుతూ గడిపిన మనిషి, మజ్జిగ తాగుతూ ఇంకేమైనా అంటారేమోనని ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. మాటలు పిల్లాడి ముక్కు ఎవరి పోలికో అన్నదాని మీదికి వెళ్లిపోయాయి.

తిరుగు ప్రయాణంలో ఘాటీ మొదట్లో క్షీరోద్ తనే కారు ఆపి, దిగి, తాళాలు పూర్ణకిచ్చాడు.

టికాబలిలో సంగతి పాకడానికి ఎక్కువకాలం పట్టలేదు. కొందరు నవ్వారు. బస్టాండు కమిటీ కార్యదర్శికి మాత్రం కష్టంగా తోచింది. ఇంటికొచ్చి, మనలో మనకు సరే గాని బయటివాళ్ల దగ్గర ఈ మాట అనకు క్షీరోద్, దండ వేసింది మేం కదా, మా పరువు కూడా చూడాలి అన్నాడు. శైలబాల అతనికి రెండు బరాలు పెట్టి పంపించింది.

ఎడమ వెనక చక్రం విప్పి బాగుచేశాక క్షీరోద్ కారును అద్దెకు తిప్పడం మొదలుపెట్టాడు. ఫుల్బాణీ ఆసుపత్రికి, ఉదయగిరి సంతకు, పెళ్లిళ్లకు. ఘాటీ దిగాలంటే పూర్ణ నడుపుతాడని ముందే చెప్పేవాడు. బరంపురం బస్సు తప్పిపోయి తొందరలో ఉన్నవాళ్లు ఎందుకని అడిగితే కారణం కూడా చెప్పేవాడు. కొందరు విని ఎక్కేవారు, కొందరు వేరే బండి చూసుకునేవారు. ఇప్పటికీ బస్సు వేళకు మెలకువ వస్తుంది. ఇప్పటికీ పని లేనప్పుడు బానెట్ ఎత్తి ఏదో ఒకటి విప్పుతాడు. శైలబాల విసుక్కుంటుంది.

దసరా ముందు, వానలు వెనక్కి తగ్గిన ఒక ఉదయం, పూర్ణనూ బనమాలినీ ఎక్కించుకుని ఎక్కడికో చెప్పకుండా బయల్దేరాడు. ఘాటీ బోర్డు దగ్గర ఆపి, కాసేపు ఇంజను అలాగే ఉంచి, తర్వాత తనే ముందుకు పోనిచ్చాడు. మొదటి మలుపు తిరిగాడు. అక్కడ కాస్త వెడల్పు ఉంటుంది. ఆపి, ఇక చాలన్నాడు. బనమాలి దిగి, కారు డిక్కీ మీద అరచేత్తో కొడుతూ, రానీ రానీ అంటూ వెనక్కి తిప్పించాడు. మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరారు. క్షీరోద్ చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. ఎక్కడికెళ్లావని శైలబాల అడిగితే చెప్పాడు. రెండో మలుపు సంగతి ఆమె అడగలేదు. అన్నం వడ్డించింది.